ఇరవై నాలుగు గంటల నలభై నిమిషాలు

మా తమ్ముడి చావు గురించి నేను ఆసుపత్రికి రాసిన ఫిర్యాదులో ఒక్క సమయం కూడా తప్పు లేదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ రోజు ఏ గంటకు ఏం జరిగిందో నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు. ఆ ఫిర్యాదు వల్ల ఒక నర్సును వార్డునుంచి తీసేశారు. అందుకే ఇది మళ్ళీ రాస్తున్నాను.

తమ్ముడు నగరిలో మగ్గం నేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. వీధంతా పవర్‌లూములు వచ్చినా, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని కింది కర్రలు తొక్కుతూ నేసే పాత మగ్గాన్ని వదల్లేదు. షుగరు ఉంది. కర్ర ఒరుసుకుని కుడి పాదానికి బొబ్బ లేచి పుండయితే, నెల దాకా నాకు చెప్పలేదు. చిత్తూరు నుంచి నేను వెళ్ళేసరికి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను.

పగటి డ్యూటీ నర్సు పలమనేరు వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి.

"సిస్టరమ్మా, మా యక్కతో జాగర్త. పది నిమిషాలు లేటయితే హాజరుపట్టీలో సున్నా ఏస్తాది," అన్నాడు తమ్ముడు.

"ఏయనీలే అన్నా. నా పట్టీ కూడా సూడమంటా," అని ఆమె నిజంగానే జ్వరం, బీపీ రాసే కాగితం నా ముందు పెట్టింది. సరిచూశాను. తప్పుల్లేవు. అప్పుడు ఆమె నాకు నచ్చింది.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మోకాలి కింద కాలు తీసేయాలని, ఆలస్యమైతే విషం రక్తంలోకి పోతుందని, మరుసటి పొద్దున థియేటరు దొరుకుతుందని చెప్పాడు. "ఆయనకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు.

"నేనే చెప్తాను సార్."

జ్వరానికి వాడి చెయ్యి వణుకుతోందని ఒప్పుదల కాగితం మీద నేనే సంతకం చేశాను. వణుకుతున్న మాట నిజమే. పెన్ను పట్టుకోలేనంత కాదు.

లోపలికి పోతే, "ఏమన్నాడక్కా?" అన్నాడు.

"పుండు లోతుకు పోయిందంట. మత్తిచ్చి కడుగుతారంట."

"కాలు తీసేస్తామన్లేదు గదా?"

"ఎవుర్రా అట్ల చెప్పింది? కడుగుతారు, అంతే."

వాడి మొహం తేటపడింది. రెండు ఇడ్లీలు తిన్నాడు. "మగ్గం మింద సగం చీర ఉండాది. ఎలకలు కొరక్కుండా గుడ్డ కప్పమని పక్కింటాయనకు ఫోన్ చెయ్యి," అన్నాడు. చేశాను. మా నాయన కూడా ఇట్లాంటి పుండుకే కాలు తీయించుకోనని మొండికేసి పదహారు రోజుల్లో పోయాడు. చెబితే వీడూ ఒప్పుకోడని నా భయం.

శుక్రవారం పది గంటల పది నిమిషాలకు స్ట్రెచర్ వచ్చింది. ఆ నర్సుకు ఒక పద్ధతి ఉండేది. స్ట్రెచర్ కదిలే ముందు ఏం చేయబోతున్నారో రోగి నోటితోనే చెప్పించేది.

"ఏం ఆపరేషనన్నా?"

"పుండు కడిగేది."

"ఏ కాలు?"

"కుడి."

"ఇంకేమన్నా చేస్తామని చెప్పినారా?"

"లేదే," అని వాడు నా వైపు చూశాడు. నేను నోటుబుక్కు వైపు చూశాను.

ఆమె నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. "పెద్దమ్మా, ఆయనకు తెలీదు."

"చెప్పొద్దమ్మా. చెప్తే ఒప్పుకోడు. ఒప్పుకోకుంటే చచ్చిపోతాడు."

"కావచ్చు. అయినా లేసి చూసుకునేది ఆయన గదా."

ఆమె స్ట్రెచర్ కదలనివ్వకుండా డాక్టరును పిలిపించింది. ఆయన వచ్చి మొదట ఆమెనే కోప్పడ్డాడు. "సంతకం ఉంది కదా?"

"సంతకం ఈమెది సార్. కాలు ఆయనది. ఆయన మాట్లాడగలడు."

డాక్టరు మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. తమ్ముడు దుప్పటి తీసి కుడి పాదం చూసుకున్నాడు. తర్వాత డాక్టరును కాదు, నర్సును అడిగాడు.

"గుంతలో దిగి తొక్కగలనా?"

"ఆ మగ్గం తొక్కలేరన్నా."

"తీయకుంటే?"

"బతకడం కష్టం. గంట గంటకూ ఇంకా కష్టం."

"ఈ పొద్దుకు ఇడిసిపెట్టండి. మనసు రాలేదు."

ఆ రోజు వాడు నాతో మాట్లాడలేదు. నేనిచ్చిన నీళ్ళు తాగలేదు. నర్సు ఇస్తే తాగాడు. డ్యూటీ దిగేముందు ఆమె ఇంకోసారి వచ్చి ఆలస్యం మంచిది కాదని చెప్పి వెళ్ళింది.

శనివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఆమెను పిలిచి, "తీసేయమను," అన్నాడు. కాగితం మీద తనే సంతకం చేశాడు. వంకరగా ఉంది గానీ ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బేస్తవారమే చెప్పింటే ఒక రోజు ఏడ్చి, శుక్రవారం ఒప్పుకునేవాణ్ణి గదక్కా."

ఆరు గంటలకు ఆపరేషన్ చేశారు. అప్పటికే విషం పైకి పాకిందని మోకాలి పైన తీశారు. మంగళవారం పదకొండు ఇరవైకి పోయాడు.

పెద్దకర్మ అయిన మరునాడు ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. శుక్రవారం పది పది నుంచి శనివారం నాలుగు పది వరకు, ముప్పై గంటలు, ఒక నర్సు ఆపరేషన్ ఆపడం వల్ల పోయాయని రాశాను. కూడిక సరైనదే.

విచారణకు నన్ను కూడా పిలిచారు. నర్సుల పెద్ద ఆమెను అడిగింది. "పేషెంటుకు ముందు తెలుసా, తెలీదా?"

"తెలీదు మేడం. ఆయన మాటల్లోనే తెలిసింది."

"ఎందుకు తెలీదు? చెప్పాల్సింది ఎవరు?"

ఆమె నా వైపు చూడలేదు. "అది నేను చెప్పేది కాదు మేడం. తెలీకుండా లోపలికి పంపలేకపోయినాను."

నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది. గురువారం పేజీలో తొమ్మిదిన్నర అని రాసి, డాక్టరు చెప్పినదంతా రాసి, కింద నేను తమ్ముడికి చెప్పిన మాట రాయని ఖాళీ ఉంది. నేను నోరు తెరవలేదు. నెలలోపు ఉత్తరం వచ్చింది. ఆమెను వార్డునుంచి తీసి స్టోరు గదికి వేశామని.

సంవత్సరీకం అయ్యాక రెండో ఉత్తరం రాశాను. గురువారం తొమ్మిదిన్నర నుంచి శుక్రవారం పది పది వరకు ఇరవై నాలుగు గంటల నలభై నిమిషాలు. అవి నావి. వాడికి కావలసింది ఒక్క రోజు. అది నా దగ్గరే ఉంది.

ఉత్తరం పట్టుకుని నేనే తిరుపతి పోయాను. నర్సుల పెద్ద చదివి, ఆమె ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిందని, ఎక్కడుందో తెలియదని చెప్పింది. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?"

"ఫైల్లో పెట్టండి. మొదటి దాని మీద."

అందినట్టు స్టాంపు వేసిమ్మని అడిగాను. వేసి ఇచ్చారు. తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకుని బస్సెక్కాను.