పూజ పళ్ళెంలో గుప్పెడు జీడిపప్పు

యూదు తనిఖీదారు పలాస వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి మా జీడిపప్పు మిల్లులో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాం. అందులో నా చేయి కొంత ఉంది. నేనక్కడ గుమస్తాని. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కూడా నేనే. వాళ్ళ మతంలో తినదగినవీ తినకూడనివీ ఉంటాయి, మన సరుకు ఆ నియమం ప్రకారమే తయారవుతోందని ఆయన రాసిస్తే దాన్ని కోషర్ సర్టిఫికెట్ అంటారు, అది ఉంటేనే విదేశం బేరం నిలుస్తుంది. షావుకారు చెప్పింది ఇంతే. మిగతాది నేను కలిపాను.

"పొలుసు నేని సేప, రొయ్య, పీత ఆళ్ళకి పనికిరావు. రొయ్య తిన్న సేత్తో పప్పు ముట్టుకుంటే కనిపెట్టే మిషనుందట. గోరు దగ్గరెట్టగానే కూత కూత్తాదట" అన్నాను పప్పు ఏరే ఆడవాళ్ళతో.

ఉద్దానం మనుషులకి రొయ్య లేని వారం ఉండదు. మర్నాడు సగంమంది చింతపండుతో చేతులు తోముకుని వచ్చారు. అక్కుపల్లి నుంచి వచ్చే ఒకామె పక్కామె వేళ్ళు వాసన చూసి, "రాత్రి ఎండ్రొయ్యలు తిన్నావు, నాకు తెలీదనుకోకు" అని గొడవ పెట్టుకుంది.

నా అనుమానం మాత్రం ఇంకొకామె మీద. ఆమె పప్పు ఏరే గదికి పెద్ద. విరగని గుళ్ళు, రెండుగా చీలిన బద్దలు, ముక్కలు విడదీయడంలో ఆమెకు సాటి లేదు. క్రైస్తవురాలు. శుక్రవారం ప్రసాదం ఇవ్వబోతే వద్దని దండం పెట్టేస్తుంది. అంతవరకు సరే. మా షావుకారుకి ఒక ఆనవాయితీ ఉంది. రోజూ ఉదయం మొదటి ట్రేలోంచి గుప్పెడు గుళ్ళు తీసి అమ్మవారి పటం ముందు పెడతాడు, కుంకుమ చల్లుతాడు. మధ్యాహ్నం వాటిని దులిపి మళ్ళీ సరుకులో కలిపేయమంటాడు. అలా కలిపితే సరుకంతా ప్రసాదమవుతుందని ఆయన నమ్మకం. కలిపే పని ఆమెది. ఆ గుప్పెడు పప్పునీ ఆమె కాగితంలో పొట్లం కట్టి అన్నం సంచిలో పెట్టుకోవడం నేను రెండుసార్లు చూశాను. దొంగ దొరికిందనుకుని షావుకారు చెవిలో వేశాను.

"పద్దాకా నీ కతలూ నువ్వూనూ" అని ఆయన కొట్టిపారేశాడు. అయినా మర్నాటి నుంచి ఆ గదివైపు రోజుకి రెండుసార్లు ఎక్కువ తిరగసాగాడు.

వచ్చినాయన బక్కపలచటి మనిషి. గడ్డం, తలమీద చిన్న టోపీ. మిషనేమీ లేదు, కళ్ళే మిషను. బాయిలరు చుట్టూ తిరిగాడు. డ్రయ్యరులో తల దూర్చి, "ఇందులో ఇంకేమైనా ఎండబెడతారా?" అని నాలుగుసార్లు నాలుగు రకాలుగా అడిగాడు. షావుకారు ఇంటి నుంచి క్యారేజీ తెప్పిస్తే ముట్టలేదు. సంచిలోంచి తన రొట్టె తీసుకుని తిని, కళ్ళెదుట కొట్టిన కొబ్బరిబొండం తాగాడు.

"మన వంట మీద ఏటి ఈయనకి అనుమానం?" అన్నాడు షావుకారు నాతో, మొహం మాడ్చుకుని.

తరవాత యూదాయన అమ్మవారి పటం ముందు ఆగాడు. పళ్ళెంలో పప్పు చూసి, "ఇది తరవాత ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

కాకులకు వేస్తామని చెబితే సరిపోయేది. ఆ అబద్ధం నాలిక చివరికి వచ్చింది కూడా. ఈలోగా షావుకారే ప్రశ్న అర్థం చేసుకుని, పటాన్నీ పళ్ళాన్నీ సరుకునీ వరసగా చూపించి, గొప్పగా "మిక్స్, మిక్స్" అన్నాడు. నా తర్జుమా అక్కర్లేకపోయింది.

యూదాయన కలం మూసేశాడు. విగ్రహానికి నివేదించినది తమకు నిషిద్ధమనీ, అది సరుకులో కలిస్తే రాసివ్వలేననీ అన్నాడు. నేనా మాట తెలుగులో చెప్పేసరికి షావుకారు కుర్చీ వెతుక్కున్నాడు.

అప్పుడు పప్పు గది గుమ్మంలోంచి ఆ గది పెద్ద మాట్లాడింది. "కలపనేదయ్యా. నేనెప్పుడూ కలపనేదు."

"ఏటీ?" అన్నాడు షావుకారు.

"పూజకెట్టింది తినకూడదని మాకూ వాక్యముంది. నేను తిననిది ముక్కూ మొగం తెలీనోళ్ళ నోట్లో ఎలాగెట్టను? పొట్లం కట్టి మా ఆడబిడ్డకిత్తాను. ఆళ్ళు హిందువులే. కళ్ళకద్దుకుని తింటారు."

"ఎన్నాళ్ళబట్టి?"

"ఈ పని నాకిచ్చిన కాణ్ణించీ."

ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నా జన్మలో అంత నిజం చెప్పింది అప్పుడే. యూదాయన నన్ను ఎగాదిగా చూసి, ఆమె సంచి తెరవమని సైగ చేశాడు. నిన్నటి పొట్లం అందులోనే ఉంది. ఒక్కొక్క గుండూ వెలుగులో పట్టి కుంకుమ మరకలు చూశాడు. అప్పుడు నమ్మాడు.

నమ్మాక ఆయన గొంతు మెత్తబడింది. ఆమెకు చెప్పమని నాకు చెప్పాడు: "మీ మతం మొదలైంది మావాళ్ళలోనే. ఏం తినాలి, ఎవరి పక్కన కూర్చుని తినాలి అన్న దగ్గర పంక్తి చీలింది. బయటి నుంచి చేరినవాళ్ళకు మీ పెద్దలు మా నియమాలు చాలా ఎత్తేశారు. విగ్రహానికి పెట్టినదీ, నెత్తురూ, గొంతు పిసికి చంపినదీ మాత్రం వద్దన్నారు. ఆ మిగిలిన ముక్క నీ దగ్గరుంది."

ఆ తరవాతి కాలం సంగతి కూడా చెప్పాడు. కొన్ని క్రైస్తవ రాజ్యాల్లో యూదుల్ని బలవంతంగా మతం మార్పించారట. మారినవాళ్ళ మీద కూడా నమ్మకం లేక, పంది మాంసం ఎవరు వద్దంటున్నారో, యూదులు నిప్పు ముట్టించని శనివారం నాడు ఎవరింట్లో పొయ్యి పొగ లేవడం లేదో కనిపెట్టేవారట. "పక్కింటివాళ్ళే వెళ్ళి చెప్పేవారు" అన్నాడు. ఆ ఆఖరి వాక్యం తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.

ఇకమీదట పూజకు ఈ సరుకు ముట్టకూడదన్న షరతు మీద రాసిస్తానన్నాడు. ఆయన కారు గేటు దాటింది. ఇక మిగిలింది ఆమె ఉద్యోగం. షావుకారు ఆమెను పిలిచాడు.

"అయితే ఇన్నేళ్ళూ నా సరుకు ఉత్త సరుకేనన్నమాట. నా అన్నం తింటూ నా మాట కాదన్నావు."

"తప్పే అయ్యా. కానీ ఉత్త సరుకైనా ఏ ఏడూ అమ్ముడుపోకుండా ఉండిపోనేదు."

ఆయనకు నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో నాకు తెలియలేదు. "రేపట్నించి అమ్మోరికి పటికబెల్లం ఎడతాను. దాని జోలికి నువ్వు రాకు. పనిలోకి మాత్రం రా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ఆటో కోసం గేటు దగ్గర నిలబడితే వెళ్ళి ఒప్పుకున్నాను. "పొట్లం సంగతి అయ్యగారికి చెప్పింది నేనే."

"తెల్సు బావూ."

"ఎలాగ?"

"నా సంచేపు సూసేవోళ్ళు ఇంకెవులున్నారిక్కడ? మీరు సెప్పబట్టి బతికిపోనాను. ఇంకెవులు సెప్పినా ఆయన నమ్మీసి, ఆ రోజే నన్ను మానిపించీవోరు."