సైతానుకు తెల్ల అంగీ కుట్టిన సంవత్సరం

మొన్న క్రిస్మస్‌కు నాగర్‌కర్నూలులో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉన్నాను. సాయంత్రం వాళ్ల చర్చిలో నాటకం ఉందంటే, మోకాళ్ల నొప్పులతోనే వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. తెర లేవగానే గుప్పున పొగ వచ్చింది. ఆ పొగలోంచి నల్లటి ముసుగు కప్పుకుని, నెత్తిమీద ఎర్రగా వెలిగి ఆరే ప్లాస్టిక్ కొమ్ములు పెట్టుకుని ఒకడు పెద్దగా నవ్వుతూ దూకాడు. అతడు సైతానట. జనం ఈలలు వేశారు. ఏసుప్రభువు పుట్టినప్పుడు కూడా అన్ని చప్పట్లు పడలేదు. ఈ కొమ్ములు ఏ వాక్యంలో ఉన్నాయి నాయనా అని లేచి అడగబోతుంటే, మా అమ్మాయి నా చెయ్యి గుంజి, "నాయినా, జర ఊకో, నీకు దండం పెడ్త" అంది. ఊరుకున్నాను గాని, ఇంటికొచ్చాక కూడా కోపం చల్లారలేదు. ఎందుకంటే సైతానుకు నా చేతులతో నేనొకసారి బట్టలు కుట్టాను. అవి తెల్లటి బట్టలు.

నేను గద్వాలలో దర్జీని. నాలుగో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా మిషను ముందు కూర్చుని, పాత పేపర్ల దుకాణంలో కిలోల లెక్కన అమ్మే పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. మీలో నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటాక రెడీమేడ్ బట్టలు వచ్చి మా దర్జీల గిరాకీ సగం కొట్టుకుపోయింది. చేతినిండా పని లేకపోవడం వల్ల నాకొక్క లాభం కలిగింది, చదువుకోవడానికి పగలంతా దొరికింది. వనపర్తిలో దొరికిన అట్ట ఊడిన పుస్తకమొకటి అప్పుడే చదివాను. సైతాను గురించి యూదుల పెద్దలు ఏమనుకునేవారో అందులో ఉంది. మనం అనుకున్నట్టు వాడు దేవుడికి ఎదురు నిలబడిన ఇంకొక రాజు కాదట. దేవుడి కొలువులోనే పనిచేసే ఉద్యోగి అట. మనుషుల మీద ఫిర్యాదు చెయ్యడం, వాళ్లను పరీక్షించి చూడడం వాడి పని. దేవుడి సెలవు లేనిదే పుల్ల కూడా కదపలేడు. బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు కథలో, యోబు కంటే వాడికే ఎక్కువ కష్టం కలిగిందని కూడా ఒక పెద్ద అన్నాడట. ఒంటిని పీడించు, ప్రాణం మాత్రం తియ్యకు అన్నది వాడికి దేవుడి ఆజ్ఞ. కుండ పగలగొట్టు, లోపలి ద్రాక్షరసం మాత్రం ఒలకనియ్యకు అని యజమాని చెబితే ఆ నౌకరు ఏం చేస్తాడు పాపం! నేను ఆ మాట చదివి కత్తెర కింద పెట్టి చాలాసేపు నవ్వుకున్నాను.

ఆ చదువు నాకు అక్కరకొచ్చింది మా బావ విషయంలో.

మా అక్కను అయిజ దగ్గరి ఊరికిచ్చారు. బావ మాటకారి, నవ్వు ముఖం మనిషి, విత్తనాల కంపెనీకి సీడు పత్తి వేసేవాడు. ఆ పంట కష్టం తెలిసినవాళ్లకు తెలుసు. పొద్దున్నే చేలో దిగి ఒక్కొక్క మొగ్గ విప్పి, ఒక్కొక్క పువ్వుకు చేత్తో పుప్పొడి అద్దాలి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు. అంత చేసినా ఆ ఏడు కంపెనీ పరీక్షలో గింజ ఫెయిలైంది. ఎండాకాలం పిడుగు పడి జోడెద్దుల్లో ఒకటి పోయింది. వానలు మొదలయ్యేసరికి బావకు పెదవి మూల తెల్లటి మచ్చ కనబడింది, నెలలు తిరక్కుండా మూతి చుట్టూ, వేళ్ల మీదా పాకింది. బొల్లి. దవాఖానలో డాక్టరు అంటుకునేది కాదని నొక్కి చెప్పాడు. ఆ మాట ఊరివాళ్లు వినాలి కదా!

వాళ్ల చర్చి చిన్నది, రేకుల కప్పుది. నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం ఒకే గిన్నెలో చేతులు మారుతూ వెళ్లేది. ఒకరు తాగి పక్కవారికిచ్చేవారు. ఒక ఆదివారం సంఘపెద్ద ఆ గిన్నెను బావ ముందు ఆపకుండా దాటించి, "నువ్వు ఎన్కకు తీసుకో, పిల్లలున్నరు గద" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. అందరూ తాగాక ఆఖరున గిన్నె వచ్చింది గాని, బావ దాన్ని ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. పై వారం పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, పాపం తలుపు తీసి పెట్టని ఇంట్లోకి సైతాను రాలేడని చెప్పాడట. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, తలలన్నీ మా అక్క వైపే తిరిగాయి. గిన్నె దాటించిన నాటి నుంచి బావ చర్చి గడప తొక్కలేదు. అక్క ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. ఆయన గిన్నె ముట్టకుండానే మట్టిలో కలిసిపోతాడేమోనన్న దిగులు ఆమెను లోపల్లోపల తినేసింది.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. యోబు కథలో ఏముంది? ఆ మనిషిలో తప్పు లేదని దేవుడే అన్నాడు, అసలు ఆ మాట ఎత్తిందే దేవుడు. సైతాను అడిగి, సెలవు పుచ్చుకుని, గీసిన గీత లోపలే పని చేశాడు. ఇందులో పాపం తలుపు ఎక్కడుంది? ఈ మాట అయ్యగారితో నేరుగా అంటే వాదన అవుతుంది, వాదనలో నా నోరు పెద్దది, పని చెడుతుంది. అందుకని, వాళ్ల క్రిస్మస్ నాటకాలకు బట్టలు కుట్టేది నేనే కాబట్టి, ఆ ఏడు యోబు నాటకం వేద్దామన్నాను. ఏటా గొర్రెల కాపరుల నాటకమే వేసి వేసి, నిజం గొర్రెలు జనంలో పడి పరుగెత్తిన అనుభవాలుండడం వల్ల అయ్యగారు వెంటనే సరేనన్నాడు. యోబు వేషం సంఘపెద్దది, మంచి వేషాలన్నీ ఆయనవే. దేవుడి మాటలు తెర వెనక నుంచి అయ్యగారు చదవాలి. యోబును తప్పుపట్టే ముగ్గురు స్నేహితులుగా పాటలు పాడే పడుచువాళ్లు కుదిరారు. బట్టలు కుట్టడం, మాటలు అందించడం నా వంతు.

సైతాను వేషానికి మాత్రం ఎవరూ దొరకలేదు. నల్లబట్ట కట్టి ఆ పేరు పెట్టుకుంటే వేషం విప్పాక కూడా వాడు వదలడని వాళ్ల భయం. నేను, నల్లబట్ట ఎవరు కట్టమన్నారు, వాడు దేవదూతల నడుమ నిలబడ్డవాడు, వాళ్లలాగే తెల్ల అంగీ తొడుగుతాను అన్నాను. అయ్యగారు ఉలిక్కిపడ్డాడు.

"తెల్లబట్టలల్ల సైతానా? జనం దేవదూత అనుకోరా?"

"అనుకోనియ్యండి అయ్యగారూ, ఆడు గట్లనే కనపడ్తడని వాక్యంలనే ఉన్నది గద."

ఆయన కూడా ఊరుకునే మనిషి కాదు. యూదుల సంగతి మనకెందుకు, మన నమ్మకం ప్రకారం వాడు గర్వించి పడిపోయిన తిరుగుబాటుదారు, నౌకరు కాదు అన్నాడు. ఒప్పుకున్నాను. కాని ఆ తిరుగుబాటుదారు కూడా ప్రభువు శిష్యుణ్ణి గోధుమల్లా జల్లెడ పట్టడానికి సెలవు అడగలేదా, ప్రభువు సెలవివ్వనన్నాడా, నీ కోసం వేడుకున్నాను అన్నాడు గాని, అని అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, "సరే, కుట్టు" అన్నాడు. గుడ్డ కోసం వెళితే మా పక్క దుకాణం సాయిబు కూడా సంగతంతా విని, "మా దాంట్ల గూడ వాడు ఖుదాను అడిగి గడువు తెచ్చుకున్నోడే భాయ్" అని గజం మీద బెత్తెడు ఎక్కువే కత్తిరించి ఇచ్చాడు.

అంగీ తయారైంది, తొడుక్కునేవాడే లేడు. అక్క ఇంట్లో అన్నం తింటూ ఈ గొడవ చెబుతుంటే, బావ చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"ఆ ఏషం నాకియ్యి బామ్మర్ది. ఎట్లయినా ఊరంత గదే అంటుండ్రు."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా వెంట వాకిలి దాకా వచ్చి, "ఏ ఏషంల వస్తే ఏంది తమ్మీ, లోపలికైతే వస్తడు. వద్దనకు" అంది. బావ మాత్రం ముందే షరతు పెట్టాడు. తన మాటలు రెండుసార్లు, అవి అయిపోగానే పక్క తలుపు నుంచి ఇంటికి పోతాడు, ప్రార్థనకు కూర్చోమని ఎవరూ అడగొద్దు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి నిండింది. బావ తెల్ల అంగీలో దేవదూతల వరుసలో నిలబడితే, పెదవి చుట్టూ తెల్లమచ్చలతో ఆయన ముఖం నిజంగానే వేరే లోకపుదిలా ఉంది. అరవలేదు, నవ్వలేదు. పై అధికారికి విన్నవించుకునే గుమాస్తాలా చేతులు కట్టుకుని, ఈ మనిషి ఉత్త పుణ్యానికి నిన్ను కొలుస్తున్నాడా అని నెమ్మదిగా అడిగాడు. వెనక వరుసలో ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. రెండోసారి కూడా చెప్పి పక్క తలుపు దగ్గరికి వెళ్లాడు, చెప్పులు కూడా తొడుక్కున్నాడు.

అప్పుడు పిడకల బూడిద కుప్ప మీద కూర్చున్న సంఘపెద్దను స్నేహితులు ముగ్గురూ చుట్టుకున్నారు. నువ్వేదో చేసి దాచావు, లేకపోతే ఇంత ఎందుకు జరుగుతుంది, ఒప్పుకో, ఒప్పుకో అని ఒకరి తర్వాత ఒకరు వేలు చూపించారు. సంఘపెద్ద జవాబు చెప్పాలి. నోరు తెరిచాడు, మాట లేదు. నేను తెర వెనక నుంచి అందించాను. ఆయనకు ఆ వైపు చెవి వినబడదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. జనంలో గుసగుసలు లేచాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నాకు కనబడింది, అది నటన కాదు.

బావ చెప్పులు విడిచాడు. తిన్నగా వచ్చి, ఆ తెల్ల అంగీతోనే బూడిదలో సంఘపెద్ద పక్కన చతికిలబడి, స్నేహితుల వైపు తిరిగాడు.

"ఏం చేసిన్నో చెప్పుర్రి. ఊకెనే చేసినవ్ చేసినవ్ అంటే ఎట్ల? ఎద్దు సచ్చె, సీడు పాయె, ఒళ్లు గిట్లాయె. మీరొచ్చి జరసేపు నా పక్కకు కూసుంటరనుకున్న. దూరం జరిగిండ్రు. దేవునికి నాకు పంచాయితి ఉంటే నేను ఆయనతోనే తెంపుకుంట. నడుమల మీరెవరుర్రా?"

యోబుకు సీడు పత్తి ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. సైతాను యోబు పక్షాన ఎందుకు మాట్లాడుతున్నాడని కూడా అడగలేదు. సంఘపెద్ద, బూడిద చేత్తోనే బావ చెయ్యి పట్టుకుని, "గిదే... గిదే నా మాట. ఈయన చెప్పిందే నా మాట" అన్నాడు.

తెర వెనక దేవుడు మాట్లాడాలి. అయ్యగారు, దేవుడు సుడిగాలిలోంచి యోబును గద్దించిన మాటలన్నీ వదిలేసి, చివరిదొక్కటే చదివాడు. ఈ స్నేహితులు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు, ఈ మనిషే సరిగ్గా మాట్లాడాడు అని. తన ప్రసంగం ఆయనకు గుర్తొచ్చిందనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

బావ మర్నాడు చర్చికి రాలేదు, ఆ వచ్చే ఆదివారమూ రాలేదు. మా అక్క మాత్రం బూడిద పట్టిన అంగీ ఉతకలేక రోజూ నన్ను తిట్టిపోసింది. జనవరిలో ప్రభువు బల్ల నాడు, పాట అయిపోయాక వచ్చి ఆఖరి వరుసలో కూర్చున్నాడు. సంఘపెద్ద గిన్నె పట్టుకుని ముందు వరుసలన్నీ దాటి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాడు. బావ తాగి ఇచ్చాడు. సంఘపెద్ద అక్కడే నిలబడి, అదే అంచు నుంచి తాను తాగి, ఆ తర్వాత పక్కవారికి అందించాడు. కొందరు వెనకాడారు, అబద్ధం ఎందుకు. కాని ఒక ముసలమ్మ "తేర్రి ఇటు" అని చెయ్యి చాపేసరికి గిన్నె కదిలింది. మా అక్క తలెత్తలేదు, చాలాసేపు భుజాలు మాత్రం కదిలాయి.

బావ పోయి చాలా ఏళ్లయింది. మచ్చలు తగ్గలేదు, పెరిగాయి, నవ్వు మాత్రం పాతదే తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ చర్చికి స్లాబు పడింది, నాలుగు దిక్కులా సౌండు బాక్సులు. బోరు ఎండినా సైతానే, షుగరు పెరిగినా సైతానే, మైకులో వాణ్ణి తరమని వారం లేదు. వాణ్ణి ఇంత పెద్దవాణ్ణి చేసింది మనమే అనిపిస్తుంది నాకు. ఈ మాట అంటే ఎవరూ కాదనరు, అవుననరు, "ఆమేన్ తాతా" అని వెళ్లిపోతారు. అప్పటివాళ్లు అలా వదిలేవాళ్లు కాదు. సంఘపెద్ద తాను పోయేదాకా అయిజ బస్టాండులో ఎప్పుడు కనబడినా, పలకరింపు కూడా లేకుండా, "ఏం టేలరూ, సైతాను నౌకరే అంటివి, మరి గా నౌకరి ఎప్పుడు ఒడుస్తది? ఒడిసినంక ఆడేడికి పోతడు?" అని నిలదీసేవాడు. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, ఆయన ఒప్పుకునేవాడు కాదు, బస్సు వెళ్లిపోయేది, ఇద్దరం అక్కడే నిలబడి పోట్లాడుకునేవాళ్లం. ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకిప్పటికీ దొరకలేదు. రేపు దొరికినా, కాదని నాతో కొట్లాడడానికి ఆయన లేడు.