గుర్రాన్ని సముద్రం దాటించిన జిలానీ బాషా

రాయచోటి జిలానీ బాషా గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక గుర్రానికి దూకడం నేర్పితే, అది ఆరు కంచెలు దాటి, ఆపైన తోట ప్రహరీ దాటి, ఆపైన సముద్రమే దాటేసి ఇరాన్ ఒడ్డున కాళ్లు మోపింది. అక్కడి జాలర్లు దానికి నీళ్లు పెట్టి, వీసా ఏదని అడిగారట. సత్వాలో ఒక గదికి పదిమంది చొప్పున సర్దుకునేవాళ్ల నుంచి అల్ నహ్దా కెఫెటేరియాల్లో చాయ్ ఊదుకుంటూ తాగేవాళ్ల దాకా ఈ సంగతి తెలియని తెలుగువాడు లేడు. నమ్మనివాడికి రెండో చాయ్ పోయరు.

ఇంతటి ఘనుణ్ణి ఎదురుగా చూస్తే మాత్రం ఎవరికీ నమ్మబుద్ధి కాదు. యాభై రెండేళ్ల వయసు, గుర్రం భుజం మీదుగా అవతలివైపు చూడలేనంత ఎత్తు, ఎండకు కాలి కాలి ఖర్జూరం రంగుకు తిరిగిన మొహం. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీల్ గారి తోటలో సాయిసు పని: గుర్రాలను తోమాలి, మేపాలి, నడిపించాలి. మనుషులతో మాట్లాడాలంటే ముందు మేనేజర్ సంతకం తెచ్చుకోవాలేమో అన్నంత పొదుపరి. గుర్రాలతో మాత్రం పొద్దస్తమానం కబుర్లే. పేడ నలిపి చూసి రాత్రి ఆ గుర్రానికి ఏ కల వచ్చిందో చెప్పేస్తాడని పనివాళ్ల క్యాంపులో ప్రతీతి. కల సంగతి అల్లా ఎరుగు గానీ, రేపు రాబోయే కడుపునొప్పిని ఇవాళే చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు.

వాళ్ల నాయన రాయచోటి బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక, ఆ ముసలి గుర్రాన్ని కొన్నవాడి ఇంటిదాకా నడిపించుకుపోయింది జిలానీయే. తాడు వాడి చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. ఆ తర్వాత గల్ఫ్‌కు వచ్చి పాతికేళ్లలో ముప్పై ఏడు గుర్రాలను సాకాడు. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు ఎక్కడుందో అతనికి తెలియదు. ఇక్కడ గుర్రం పోయిందంటే లారీ ఎక్కిందని అర్థం. ఆ లారీ ఎక్కడికి పోతుందని సాయిసు అడగకూడదు.

ముప్పై ఎనిమిదోది దొర. 2021 అక్టోబరులో విమానం దిగి, సొంత పాస్‌పోర్టుతో వచ్చింది. అసలు పేరు ఇంగ్లీషులో మూర పొడుగు ఉండేది. నోరు తిరగక క్యాంపంతా దొర అని పెట్టుకుంది. ఐర్లండ్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో నాలుగేళ్లు హర్డిల్ పందేలు పరుగెత్తిన ఎనిమిదేళ్ల గుర్రం అది. కరోనాకు ప్రయాణాలు మూతబడి కఫీల్ దాన్ని టీవీలోనే చూసుకుంటూ ఏడాదిన్నర ఓపిక పట్టాడు. ఇక పట్టలేక ఇక్కడికే రప్పించాడు. చిన్న హర్డిళ్ల మీద దొర వేగం తగ్గుతోంది, ఇక పెద్ద కంచెల పందేలకు మార్చాలని అక్కడివాళ్లు చెప్పారు. సరే, కానీ ముందు నా తోటలో, నా కళ్లెదుట దూకాలి అన్నాడు కఫీల్.

ఈ దేశంలో అలాంటి పందేలు లేవు. కాబట్టి కంచెలు కూడా ఇక్కడివాళ్లే కట్టుకోవాల్సి వచ్చింది. కొలతలు ఇంగ్లండు నుంచి ఫోన్‌లో దిగాయి. మట్టలు తోటలోని ఖర్జూరపు చెట్లే ఇచ్చాయి. నాలుగున్నర అడుగుల ఎత్తున చెక్క చట్రం నిలిపి, అందులో ఎండుమట్టలు నిలువుగా, వేలు దూరనంత దట్టంగా పేర్చి, అడుగున ఒకటి, నడుమ ఒకటి, తలదగ్గర ఒకటి, మూడు తాళ్లు బిగించాలి. అలాంటి కంచెలు ఆరు. ఆ తాళ్ల పని జిలానీకి అప్పగించారు.

తోట ముదీర్, అంటే మేనేజర్, హైదరాబాద్ ఖాదర్ హుస్సేన్. నవ్వుతూనే పీక కోయగల మనిషి. కఫీల్‌ను అర్బాబ్ అంటాడు.

"సునో జిలానీ భాయ్," అన్నాడు మొదటిరోజే. "మార్చిల ఒక శుక్రవారం అర్బాబ్ వస్తడు, దోస్తులను తోల్కొని. దొర ఆరు దూకిండా, మల్ల ఇంగ్లండ్ పోతడు, రాజాలెక్క. దూకలేదనుకో, ఖలాస్. లారీకి ఫోన్ కొట్టుడే."

జిలానీ దొర మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఈ ఒక్కటన్నా లారీ ఎక్కకూడదని ఆ నిమిషమే అనుకున్నాడు.

దొరను ఎక్కి పరిగెత్తించేవాడు నెల్లూరు కలీం. ఎంత బక్కవాడంటే, గాలి రేగిన రోజు జేబుల్లో రాళ్లు వేసుకుంటే తప్ప గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. మొదటిరోజు మొదటి కంచె దగ్గరే దొర మోకాళ్లు మట్టలకు తాకాయి, కలీం గాల్లో రెండు పల్టీలు కొట్టి ఇసకలో కూర్చున్నాడు. లేచి బట్టలు దులుపుకుని జిలానీకి ఫోన్‌లో పాత పందెం ఒకటి చూపించాడు.

"ఇటు చూడు బాయ్. ఆ హర్డిళ్లు ఉత్త తడికెలు. కాలు తగిల్తే ముందుకి వాలిపోతాయి. నాలుగేళ్లు వాటిని తన్నుకుంటా పరిగెత్తాడు ఈ దొరగారు. ఇది దూకడం కాదబ్బా, తోసుకుంటా పోవడం. ఈ కంచె వాలదని ఆ బుర్రకి ఎవురు చెప్తారు?"

"చెప్తాంలే," అన్నాడు జిలానీ.

"నువ్వా? ఏడాదికి రెండు మాటలు మాట్లాడతావు, అందులో ఒకటి ఈద్ ముబారక్! కంచే చెప్పాల. నాలుగు దెబ్బలు తగిల్తే వాడే కాలెత్తుతాడు."

కలీం చెప్పిందే సరైన పాఠం. అయితే ఆ దెబ్బలు కడిగేది కలీం కాదు. నాలుగు రోజుల తర్వాత దొర ముందుకాళ్లు వాచి, తోలు లేచిపోయి ఎర్రగా తేలాయి. జిలానీ ఉప్పునీళ్లతో కడుగుతుంటే అది కాలు లాక్కోలేదు. గడ్డం అతని భుజం మీద మోపి, బరువంతా వేసి, కళ్లు మూసుకుంది. ఆ బరువును మోస్తూ అలాగే చాలాసేపు వంగి ఉన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా, కలీం ఇంకా చాయ్ దగ్గర ఉండగానే, ఆరు కంచెలకూ తలతాడు వదులు చేశాడు. చూసేవాళ్లకు తేడా తెలియదు. గుర్రం మోకాలు తగిలితే మాత్రం మట్టలు పాయలుగా విడిపోయి దారిస్తాయి. ఒక్క వారం, పుండ్లు మానేదాకా. తనకు తాను అంతే చెప్పుకున్నాడు.

ఆ రోజు దొర ఆరు కంచెలూ దాటింది. మట్టల్లోంచి గలగలమంటూ, వేగం తగ్గకుండా పోయింది. కలీం జీను మీద లేచి నిలబడి కేకలు పెట్టాడు. ఖాదర్ హుస్సేన్ వీడియో తీసి పంపితే, కఫీల్ దగ్గర నుంచి మాషాల్లా అని గొంతు సందేశం వచ్చింది. దాన్ని ఖాదర్ క్యాంపంతా తిప్పి వినిపించాడు. దొర దూకినప్పుడు కలీం టోపీకి మబ్బు తడి అంటుకుందని కథలు మొదలైంది అప్పుడే. ఆ పూట జిలానీ కూడా నవ్వాడని అంటారు. అతని పళ్లు అదే మొదటిసారి చూశామన్నవాళ్లు ఉన్నారు.

వారం గడిచింది, పుండ్లు మానాయి. ఒక తెల్లవారుజామున మూడో కంచె తాడు మళ్లీ బిగించి చూశాడు. దొర వచ్చి ఢీకొని, మూతి ఇసకలో గుచ్చుకుని, లేచి నిలువెల్లా వణికింది. ఇవాళ అడుగు తప్పిందిలే అన్నాడు కలీం. మర్నాడు ఆ తాడు కూడా వదులైంది. రేపు బిగిస్తా, ఎల్లుండి బిగిస్తా అనుకుంటూనే నవంబరు పోయింది, చలికాలమూ పోయింది. పెద్ద కంచె కూడా తోస్తే వాలుతుందని దొరకు బాగా తెలిసిపోయింది. నేర్పినవాడు జిలానీయే.

మార్చిలో ఆ శుక్రవారం ఇంకొక్క రోజుందనగా, వీసా రెన్యూవల్ వేలిముద్రలకు పిలుపు వచ్చింది. గురువారం పొద్దున పికప్‌లో పోయినవాడు పొద్దుగూకాక తిరిగొచ్చి, దొర తోక దువ్వి పడుకున్నాడు. శుక్రవారం తెల్లవారగానే అలవాటు చొప్పున కంచెల దగ్గరికి పోయి చెయ్యి వేశాడు.

చెయ్యి లోపలికి పోలేదు. మట్టలన్నీ కొత్తవి. చట్రానికి తెల్లరంగు కొట్టి ఉంది. తలదగ్గర తాడు లేదు, మూడు చుట్లు తిప్పి మెలేసిన ఇనుపతీగ ఉంది. వేళ్లతో లాగాడు. వేళ్లు తెగాయి గానీ తీగ కదల్లేదు.

"ముద్దుగున్నయ్ గదా భాయ్!" వెనక నుంచి ఖాదర్ హుస్సేన్ వచ్చాడు. "నువ్ కట్టినయి అన్ని వదులుండె. అర్బాబ్ దోస్తులు చూస్తె ఇజ్జత్ ఏముంటది మనకు? నలుగురిని బెట్టి నిన్ననే మొత్తం గట్టిగ కట్టించిన."

"ఒక్క వారం టైమియ్యి సాబ్," అన్నాడు జిలానీ.

"వారమా? మస్త్ జోకులు నేర్సినవ్! కార్లు గేటు కాడికొచ్చినయ్, యల్లా, గుర్రాన్ని తే."

నిజం చెబితే లారీ ఇవాళే వస్తుంది. చెప్పకపోతే, ఏమో, దొర ఎత్తుగా దూకినా దూకవచ్చు. లాయం దాకా నడిచినంతసేపూ జిలానీ ఆ ఏమో అన్న మాటనే పట్టుకున్నాడు. కలీం జీను మీదికి ఎక్కుతుంటే కాలికింద చెయ్యి పట్టి అన్నాడు: "కలీమూ, ఈ పొద్దు పైన గట్టిగుండాది. రవ్వంత ముందే ఎత్తప్పా."

కలీం నవ్వాడు. "ఎప్పుడు మెత్తగుండింది బాయ్? నీ కంచెలు తన్నీ తన్నీ నా మోకాళ్లే అరిగిపోయినాయి. నువ్వు పోయి నీడన కూచో."

జవాబు జిలానీ నోటిదాకా వచ్చింది. గుడారం కింద అతిథులు కుర్చీలు లాక్కుంటున్నారు. కలీం కళ్లెం సవరించుకుని పోయాడు.

మొదటి కంచె దొర శుభ్రంగా దాటింది. చప్పట్లు వినబడ్డాయి. రెండోదానికి ఎప్పటిలాగే చదునుగా, వేగంగా వచ్చింది. ఎన్ని కథలు అల్లేవాళ్లకైనా ఈ చోట కలిపి చెప్పేదేమీ లేదు. మట్టల గలగల వినబడలేదు. చెక్క పగిలినట్టు ఒక చప్పుడైంది, దొర మెడ మీద పడి దొర్లింది. కలీం దానికి అవతల పడ్డాడు. కలీం మెడ దగ్గరి ఎముక విరిగింది. దొర మాత్రం తనంతట తానే లేచింది.

కఫీల్ కోప్పడలేదు. గుర్రానికి దెబ్బ తగల్లేదు కదా, సాయిసు నడిపించుకుని కంచె దగ్గరికి తీసుకురానీ చూద్దాం అన్నాడు. జిలానీ తాడు పట్టుకుని ముందు నడిచాడు. చీకటి గదిలోకైనా, నీళ్లలోకైనా ఈ మనిషి వెనక వచ్చిన గుర్రం, కంచెకు పది గజాల దూరాన వెనక కాళ్ల మీద కుంగిపోయి, చెమట కారుతూ ఆగిపోయింది. "రా నాయనా, రా," అన్నాడు. అది రాలేదు.

"ఖలాస్," అన్నాడు కఫీల్, తాగిన గ్లాసు పక్కన పెట్టే గొంతుతో.

లారీ ఆదివారం వచ్చింది. దొర పాస్‌పోర్టు ఖాదర్ హుస్సేన్ సొరుగులోనే ఉండిపోయింది. అది వెళ్లే చోట పాస్‌పోర్టు అడగరు. లారీకి ఆనించిన పలక మీదికి జిలానీ ముందు ఎక్కితే, దొర ఏ మొరాయింపూ లేకుండా వెనకే ఎక్కింది. తాడు లోపల కట్టేసి దిగాడు.

కలీం భుజానికి కట్టుతో నెల్లూరు పోయాడు. అక్కడి నుంచి ఒకసారి గొంతు సందేశం పంపాడు: "తప్పు నాదే బాయ్. నువ్వు చెప్తానే ఉండావు, నేనే ఎత్తలేకపోయినా." జిలానీ దాన్ని చాలాసార్లు విన్నాడు. జవాబు పంపలేదు. ఊరి నుంచి భార్య సర్వర్ బేగం ఫోన్ చేసి దొర ఎట్లుండాదని అడిగితే, బాగుండాది అన్నాడు. ఇప్పుడతనికి గుర్రాలు లేవు. మేకలు అప్పగించారు.

గుర్రం ప్రహరీ దూకి పారిపోయిందని మొదట అన్నది కలీమే, ఆసుపత్రి మంచం మీద, పడ్డానని చెప్పుకోలేక. ఆ మాట షార్జా చేరేసరికి ప్రహరీ కాస్తా సముద్రమైంది.

మొన్నీమధ్య ఒక శుక్రవారం జిలానీ అల్ నహ్దా వచ్చి ఒక కెఫెటేరియాలో మూలగా కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఎవరో కొత్తగా దిగినవాళ్లకు ఇరాన్ జాలర్ల దాకా కథంతా చెప్పి, వేలు చూపించి, అదిగో ఆయనే అన్నాడు. వాళ్లు గబాలున లేచి అతని చుట్టూ మూగారు. ఒకడు చెయ్యి పట్టుకుని, "నిజమేనా బాషాభాయ్, నీ గుర్రం సముద్రం దాటిందంట?" అన్నాడు.

జిలానీ బాషా చాయ్ కప్పు కింద పెట్టాడు.

"యాడికీ దాటల్యా. రెండో కంచె కాడ పడింది. తాళ్లు నేనే వదులు జేస్తాంటి."