బియ్యం డబ్బా అడుగున

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ నవ్వారు. బియ్యం ఎవరికైనా ఇచ్చే ముందు అమ్మమ్మ మోచేతి దాకా డబ్బాలో చెయ్యి పెట్టి దేనికోసం వెతుకుతుందని అడిగారు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను, వినండి.

అప్పుడు నాచారంలో ఉండేవాళ్లం. మీ అమ్మకింకా పెళ్లి కాలేదు. మా చర్చి ఆడవాళ్లం ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం మా ఇంట్లోని రేకు డబ్బాలో పోసేవాళ్లం. చదువుకునే పిల్లలుండి పూట గడవని ఇళ్లకు ఆ బియ్యం వెళ్లేది.

మా వెనక గల్లీలో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్లే ఒకామె ఉండేది. ఆమె కూతురు ఇంజనీరింగ్ సీటు తెచ్చుకుంది. ఒకరోజు ఆ పిల్ల సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొచ్చింది.

"పెద్దమ్మా, గివి జర నీ దగ్గర పెట్టు. వానొస్తే ఇంట్లకు నీళ్లొస్తయ్. మా ఎలుకలకు గూడ సదువంటే మస్తు ఇష్టం, కాగితమైతే ఇడిసిపెట్టవు."

చెమ్మ తగలదని ఆ కవర్ని బియ్యం డబ్బా అడుగున దాచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అదే నా తప్పు.

కొన్ని వారాలకు, ఓ మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"రేపు పొద్దున కాలేజీల ఒరిజినల్స్ సూపెట్టాలె. లేకుంటే ఫీజు సర్కారు కట్టదట. మేమేడికెల్లి కడ్తం పెద్దమ్మా, సీటు ఇడ్సుకోవాలె. ట్యూషన్ చెప్పొచ్చి తీస్కపోతా."

ఆ పిల్ల వెళ్లాక డబ్బా మూత తీశాను. చెయ్యి నేరుగా అడుగు రేకుకు తగిలింది, కవరు లేదు.

మీ అమ్మను అడిగాను. "నీకు జ్వరమొచ్చిన ఆదివారం నేనే గుమ్మరించి రామంతాపూర్ ఆమెకు పంపిన గదనే. అడుగున కవరుంటే పురుగు పట్టకుండ నువ్వేసిన వేపాకనుకోని బియ్యంల్నే ఉంచిన" అంది.

వెంటనే షేర్ ఆటో ఎక్కాను. రామంతాపూర్ ఆమె ఇళ్లలో గిన్నెలు తోముకుంటూ ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. తనకు చదువు రాదు. ఆ ఇంట్లో కట్టెల పొయ్యి. కాగితం దొరికితే మంట అంటించుకోదా? ఆ పిల్లకు ఏం చెప్పాలి?

నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"బియ్యంల కవరొచ్చిందా బిడ్డా?"

"రాలే." చూపు మాత్రం మంచం మీదికి పోయింది. నేనూ అటే చూశాను. ఇక దాచలేక బొంత కింద నుంచి కవరు తీసి నా ఒళ్లో పెట్టింది.

"సర్కారు ముద్రలున్నయ్. దొంగతనం మీదేస్తరని, బియ్యం గూడ బంద్ జేస్తరని భయమైంది పెద్దమ్మా. పొయ్యిల ఎయ్యబోయిన. మా పెద్దది ఫోటో సూసి, గా అక్క ఏడుస్తదే అని గుంజుకున్నది."

నాచారం వచ్చేసరికి ట్యూషన్ చెప్పొచ్చిన పిల్ల మా మెట్ల మీద కూర్చుని ఉంది. కవరు అందించాను.

"గింత అలిసినవేంది పెద్దమ్మా, జ్వరం తగ్గలేదా?"

"ఆటో కుదిపింది బిడ్డా."

మర్నాడు అన్నీ చూశారని, సీటు నిలిచిందని ఆ పిల్ల ఫోన్ చేసింది. ఆ ఆదివారం రామంతాపూర్‌కు బియ్యం నేనే మోసుకెళ్లాను. తలుపు తీస్తూ ఆమె ముందు కోపముందేమోనని నా ముఖం చూసింది, తర్వాతే సంచి అందుకుంది.