లేని చేపకు వల

మా మేనత్త మొండిఘటం. నలభై ఏళ్లుగా వలలు అల్లుతోంది. మా ముందుగదిలో సగం నూలు, సగం ఆవిడ. ఏ వల అడిగినా ముందు ఒక చెక్క తీస్తుంది. దాని చుట్టూ నూలు తిప్పి ముడి వేస్తే వల కన్ను ఆ కొలతకు వస్తుంది. ఒక్కో చేపకు ఒక్కో చెక్క. అన్నిటికంటే వెడల్పైనది, సముద్రం నుంచి ఎదురీది వచ్చి మా ఏట్లో గుడ్లు పెట్టే చేపది. ఏటికి ఎదురీదడం ఆ చేపకూ మా అత్తకూ మాత్రమే వచ్చిన విద్య.

పైన ఆనకట్ట కట్టి పద్నాలుగేళ్లయింది. ఆ చేప రెండేళ్లు వచ్చి, గోడకు కొట్టుకుని, తర్వాత రావడమే మానేసింది. ఇప్పుడు అందరూ అడిగేవి వేలెడు చేపల వలలే. అయినా అత్త ఏటా ఒక పెద్ద కన్ను వల అల్లి గోడకు తగిలిస్తుంది. చాదస్తమని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ ఏడు ఆనకట్ట ఎత్తు పెంచుతామన్నారు. ఎదురీదే చేప ఒకప్పుడు ఉన్న ఏరైతే, రూలు ప్రకారం గోడ పక్కన చేపలకు దారి కట్టి తీరాలట. ఆ ఖర్చు తప్పించుకోవాలని ఆనకట్ట ఆఫీసరు బడిగదిలో మీటింగు పెట్టి, అలాంటి చేప ఇక్కడ ఎన్నడూ లేదని రాసిన కాగితం మీద సంతకాలు అడిగాడు. మా బాబాయి పెన్ను మూత కూడా తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త లేచి ఆ వెడల్పు చెక్కను బల్లమీద పెట్టింది. నూలు ఒరుసుకుని అంచులు అరిగిపోయిన చెక్క. చెక్కముక్క రుజువెలా అవుతుందని ఆఫీసరు నవ్వాడు.

"మా అమ్మ చేతిలో అరిగింది, నా చేతిలో అరిగింది. లేని చేపకి రెండు తరాలు వల అల్లేంత తీరిక మాకెక్కడిది సార్?" అని, అత్త బాబాయి వైపు తిరిగింది. "నీ పెళ్లిలో వండిన చేప ఏదిరా తమ్ముడూ?"

బాబాయి పెన్ను మూత పెట్టేశాడు. వెనక ఎవరో ఆ చేప పేరు చెప్పారు. ఇంకొకరు దాని బరువు చెప్పారు. ఇక గదిలో మాటలు ఆగలేదు.

ఆఫీసరు గొంతు తగ్గించి, చెక్క ఇస్తే ఫైల్లో పెడతానన్నాడు. అత్త దాన్ని బొడ్డులో దోపుకుంది.

"ఇవ్వను. కావాలంటే ఇంటికొచ్చి కొలుచుకోండి. ఈ ఏడాది వల సగంలో ఉంది, చేప వచ్చేసరికి పూర్తి చెయ్యాలి."