చీపురు గీతల్లో మనిషిని చూసిన మా నాగక్క

నిన్న పొద్దున జగదల్‌పూర్ నుంచి ఫోన్. "నాగక్క లేదు" అన్నారు.

ఏ ఊరెళ్లింది అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

టీ పెట్టుకుంటూ వంటింట్లోనే కూలిపోయిందట. గుండె అన్నాడు డాక్టర్.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, గుమ్మం దాకా వెళ్తాను, ఎందుకు లేచానో గుర్తుండదు. ఇది కూడా నిలబడే టైప్ చేస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. నాగమణి మా పెద్దమ్మ కూతురు. సైకాలజిస్ట్. నేరం ఎవరు చేశారో తెలియని కేసుల్లో పోలీసులు ఆమెకు ఫోటోలు, రిపోర్టులు పంపేవాళ్లు. వాటిని చూసి, చేసినవాళ్లు ఎలాంటి మనుషులై ఉండొచ్చో చెప్పేది. పేరు కాదు, మొహం కాదు. అలవాట్లు, కోపాలు, భయాలు. దాన్నే ప్రొఫైల్ అంటారు.

మా చుట్టాలకు మాత్రం అది జ్యోతిష్యం. పెళ్లిళ్లలో ఆమె ముందు చెయ్యి చాపేవాళ్లు. ఒకసారి మా మామ, "నా చెప్పులెవడు ఎత్తుకపోయిండో చెప్పు నాగా" అని ఆటపట్టించాడు. "ఆ పాత చెప్పులు గుడ ఎత్తుకపోయిండంటే వానికి కండ్లు కనవడవు మామా" అంది, నవ్వకుండా.

ఆ పని ఏమిటో నాకు అర్థమైంది మా తమ్ముడు రాజును ఠాణాకు తీసుకెళ్లాకే.

ఉసూర్ దాటాక మా ఊరు. అక్కడ ఒకే కుటుంబం వాళ్ల గడ్డివాములు ఒకదాని తర్వాత ఒకటి కాలిపోయాయి. ఆ కుటుంబంతో పొలం గట్టు దగ్గర కొట్లాడింది మా రాజు. ఎప్పుడూ బీడీతో కనిపించేదీ మా రాజే. ఇంకేం కావాలి? ఊరంతా వాడే అంది.

అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను. "రాజు కాదని ఒక్క మాట చెప్పక్కా. నీ మాట వింటరు."

"వాడనీ చెప్ప, వాడు కాదనీ చెప్ప. చేసినోళ్లు ఎసుంటోళ్లో అదొక్కటే చెప్తనే. వాడు నా చిన్నమ్మ కొడుకని ఠాణా సాబ్‌కు ముందే చెప్పిన. నేను రాసింది రాయ్‌పూర్‌ల ఇంకొకరు గుడ చూడాలె."

ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.

ఠాణా నుంచి అక్కకు పంపిన ఫోటోల్లో అందరూ బూడిద చూశారు. అక్క బూడిద చుట్టూ చూసింది. ప్రతి వాము చుట్టూ నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

మన వైపు వాళ్లకు వేరే చెప్పాలా? ఇప్పపువ్వు రాలే ముందు, ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాలుస్తాం. మంట పక్కవాళ్ల చెట్టుకు పోకూడదని ముందు చుట్టూ ఊడుస్తాం. మా ఊళ్లో ఊడ్చేది ఆడవాళ్లే. చిన్నప్పుడు అక్కా నేనూ ఊడ్చినవాళ్లమే.

కోపంలో బీడీ విసిరేసిన పని కాదిది అంది అక్క. ఏళ్ల తరబడి ఇప్పచెట్టు కింద ఊడ్చిన చెయ్యి, బహుశా ఆడమనిషి. చీపురు గీతల వాలు చూస్తే ఎడమచేతి వాటం. కోపం ఆ ఒక్క ఇంటి మీదే, ఊరి మీద కాదు. దీన్ని పట్టుకుని ఎవరినీ లోపల వెయ్యొద్దు, ఎక్కడ అడగాలో మాత్రం చూసుకోండి అని కూడా రాసింది.

సాబ్ ఆ ఇంటి గొడవలు అడగడం మొదలుపెట్టాడు. బుచ్చమ్మ పేరు వచ్చింది. ఆ ఇంటి పెద్దకోడలు, భర్త పోయిన ముసలామె. ఆమె ఇప్పచెట్టును మరుదులు లాక్కున్నారు.

ఆమె ఏమీ దాచలేదు. "నేనే ముట్టిచ్చిన. నా చెట్టు నాకిప్పిస్తరా?" అంది. ఎక్కడెక్కడ ఎలా పెట్టిందో తనే తీసుకెళ్లి చూపించింది.

రాజు ఇంటికొచ్చాడు. మేం కోడి కోశాం. అక్క రాలేదు. బుచ్చమ్మను చూడ్డానికి జైలుకు వెళ్లింది. బెయిల్ వచ్చేదాకా వెళ్తూనే ఉంది. చెట్టు కోసం వకీలును కూడా పెట్టింది.

నీకెందుకక్కా అంటే నన్నే కసిరింది. "ఎసుంటి మనిషో చెప్పి చేతులు దులుపుకుంటనా?"

ఆ చెట్టు గొడవ ఇంకా తేలలేదు.

నిన్న మధ్యాహ్నానికి అక్కను ఊరికి తెచ్చారు. సాయంత్రం మా చేను పక్కనే కట్టెలు పేర్చారు. ఆకు రాలే కాలం, పైగా గాలి. చీకటి పడకముందే కానివ్వాలని అందరూ తొందరపడుతున్నారు.

అప్పుడు ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది, చేతిలో చీపురు. ఎవరినీ అడగలేదు. చితి చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది.

ఎడమ చేత్తో.

"ఏందమ్మా, జరుగు" అన్నారెవరో.

"ఆగుండ్రి. గాలున్నది. పక్కోళ్ల చేను కాలితే నా బిడ్డ ఊకుంటదా?" అంది బుచ్చమ్మ.

మా రాజు గంప తెచ్చాడు. ఆమె ఊడ్చిన ఆకులు ఎత్తి దూరంగా పోసి, మళ్లీ వచ్చి ఆమె పక్కనే వంగాడు. నేను అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.

ఆ తర్వాతే నిప్పు పెట్టారు. మంట గీత దాటలేదు.

పోయిరా అక్కా. చెట్టు సంగతి నేనూ రాజూ చూసుకుంటాం. ఇంక ఎవరి జాడా వెతక్కుండా హాయిగా నిద్రపో.