మా తోడల్లుడూ నా లేతు మిషనూ

మా తోడల్లుడి మాట వస్తే నాకు ఇప్పటికీ కడుపులో మంటే. పోనీ, మనిషి నాకేమైనా చెడు చేశాడా అంటే ఏమీ చేయలేదు. అదే నా బాధ. చెడు చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. ఊళ్ళో ఎక్కడ చూసినా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు. మేము హంద్రి నదికి ఇవతల కల్లూరులో ఉండేవాళ్ళం. నాకు సేద్యం ఉంది, తిండికి లోటు లేదు, కానీ మనసంతా ఇనుము మీదే. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అక్కరలేని సామాను వేలం వేస్తే, మద్రాసు నుంచి ఒక పాత లేతు మిషను తెప్పించుకున్నాను. ఇంటి వెనక గొడ్ల పాక ఖాళీ చేయించి, నేలకు బేతంచెర్ల బండలు పరిపించి, అందులో పెట్టాను. ఇనుప కడ్డీ బిగిస్తే అది గిరగిర తిరుగుతుంటుంది, మనం ఉలి ఆనించి కావలసినంత చెక్కుకోవచ్చు. కుమ్మరి సారె అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది.

వచ్చినప్పుడు దానికి మోటారు లేదు, వేగం మార్చుకునే దారి లేదు. ఒక కరెంటు మోటారూ, పాత లారీ గేరుబాక్సూ సంపాదించి దాని కింద బిగించాను. లారీలో మార్చినట్టే గేరు మారిస్తే మిషను వేగం మారేది. ఉలిని ముందుకు జరిపే పిడికి ఇత్తడి రింగు తొడిగి, చుట్టూ సన్నటి గీతలు నేనే ఆకురాయితో గీసుకున్నాను. ఒక్క గీత తిప్పితే వెంట్రుకవాసి జరిగేది. కల్లూరు కల్లూరంతా వచ్చి చూసింది. "ఏమప్పా, లారీని పండుకోబెట్టి ఇనుము కోయిస్తాండావే!" అని ఒక పెద్దాయన ముక్కు మీద వేలేసుకున్నాడు. అలాంటి మాట విన్నరోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

ఇక తోడల్లుడి సంగతి. నా భార్య నాకు మేనమామ కూతురు. మామది కోడుమూరు దగ్గర పల్లె. ఆయనకు కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదాన్ని నాకిచ్చి, చిన్నదాన్ని కడపలో పరాయి సంబంధానికి ఇచ్చాడు. ఆ పరాయివాడే మా తోడల్లుడు. కడపలో గుమాస్తా ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, చెవిలో అత్తరు దూది, నోరు తెరిస్తే గొప్పలు. మా మామ నన్ను "రేయ్" అనేవాడు. వాణ్ణి "మీరు" అనేవాడు. రక్తసంబంధం నాది, గౌరవం వాడిది! వాడొస్తే కోడి కోసేవాళ్ళు. నేనొస్తే, "మనవాడే కదా, ఏముంటే అది తింటాడులే" అనేవాళ్ళు.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. వాడు నా లేతు చూసిపోయిన ఏడాదికే తనూ ఒకటి కొన్నాడు. కాలితో తొక్కే చిన్న మిషను. దాని కింది కట్టె బల్ల తీసేసి, మూరెడు మందం కడప బండ మీద కూర్చోబెట్టాడట. ఆ ఉగాదికి మామ ఇంట్లో ఒబ్బట్లు తింటూ ఒకటే ఊదర.

"మామా, మిషను తిరుగుతాంటే దాని మీద రూపాయి బిళ్ళ నిలువునా నిలబెట్టినా పడదు! అదీ కడప బండ అంటే!"

"అబ్బ! శానా గొప్పే. మీ చెయ్యి అట్లాంటిది," అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగి, "రేయ్, నీ దాని మీద నిలబడతాదా?" అన్నాడు.

"దానికేం, రెండు నిలబడతాయి," అన్నాను.

ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా పాకలోకి పోయి మిషను ఆడించి, దాని మీద బిళ్ళ నిలబెట్టాను. టింగుమని పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. ఒళ్ళు మండింది. మిషను కాళ్ళను నేలకు బిగించిన బోల్టులు వదులుగా ఉన్నాయేమోనని, స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి, నా బలమంతా పెట్టి నాలుగు కాళ్ళూ బిగించాను. కిర్రుమనేదాకా బిగించాను. ఈసారి బిళ్ళ నిలబడింది. "ఏయ్, ఇట్ల రా, చూడు!" అని నా భార్యను కేకేశాను. ఆమె చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చి చూసి, "బిళ్ళ నిలబెట్టుకునేందుకేనా బావా ఇంత పెద్ద మిషను?" అని పోయింది.

ఆ ఎండాకాలమే మామ ఇంటికి కష్టమొచ్చింది. ఆయనకు బావి కింద చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. నా భార్య పెళ్ళికి ముందు బిందెలతో నీళ్ళు మోసి బతికించిన మొక్కలవి, ఆ ఏడే తొలికాపు. బావికి ఆయిల్ ఇంజను వచ్చాక మామ బావిలో నీళ్ళు తోడే కపిల ఎద్దులను అమ్మేశాడు. ఇప్పుడేమో పంపులో తిరిగే షాఫ్టు విరిగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలంటే చెట్లు ఆగవు. కర్నూలు మిల్లులోని లేతుకు మిల్లు పనే తెమలడం లేదు. విరిగిన ముక్కలు గోనెసంచిలో చుట్టుకుని మామ బస్సెక్కి కల్లూరు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"రేయ్, నీ మిషను మీద ఇది అయితాదా? కాదంటే చెప్పు, చిన్నల్లునికి కబురు పంపుతా."

"ఎందుకు మామా? ఆ తొక్కుడు మిషను మీద ఇంత పొడుగు కడ్డీ పట్టదు. నేనుండగా నీకేం భయం?"

మిషను చిన్నదన్న మాట నిజమే. కానీ ఆ మాట నేనన్నది నిజం చెప్పడానికి కాదు, వాణ్ణి రానీయకుండా ఉండటానికి.

కడ్డీ బిగించి చెక్కాను. చూడటానికి అద్దంలా వచ్చింది. కాలిపరు పెట్టి మందం కొలిస్తే ఒక కొస లావు, ఒక కొస సన్నం. రెండు కొసలూ సమానంగా ఉంటేనే పంపులో కూర్చుంటుంది. లేకుంటే ఒక పక్క బిగుసుకుంటుంది, ఒక పక్క కొట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ బెత్తెడు ముక్కలే చేశాను కాబట్టి ఈ తేడా నా కంటికి ఆనలేదు. ఉలి మార్చి ఇంకో కడ్డీ చెక్కాను. అదీ అంతే. కరెంటు తగ్గుతోందన్నాను. ఇనుము మంచిది కాదన్నాను. ఇనుము అమ్మిన సాయిబును తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని ఎవరూ నా ముఖాన అనలేదు. అనేంత ధైర్యం మా అమ్మకుంది గానీ ఆమె జపంలో ఉంది.

మామ ఊరి నుంచి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట చెప్పేవాళ్ళు, చీనీ ఆకు ముడుచుకుంటోందని, పిందె రాలుతోందని. మామ ఎద్దులను అడుక్కొచ్చి కపిల తోలిస్తే బావి దగ్గరి సాళ్ళకే నీళ్ళు చాలుతున్నాయట. నా భార్య ఆ మాటలు వింటూ వంటింట్లోకి పోయేది. చివరికి ఒకరోజు పాక గుమ్మంలో నిలబడి అడిగింది.

"బావా, మరిదిని పిలిపిచ్చు. ఒకరికి తోచనిది ఇంకొకరికి తోచొచ్చు."

"వాడి కాలు ఈ పాకలో పడితే ఈ మిషను తీసకపోయి హంద్రిలో పారేస్తా!"

"పారెయ్యి. చెట్లు సచ్చినాక ఇది ఎందుకు?" అంది. మరుసటి రోజు నాకు అన్నం వడ్డిస్తూ, "కడప బస్సు డ్రైవరుతో కబురు పంపినా. రేపు వస్తాడు," అని చెప్పింది. పైన ఇంకో గరిటె పులుసు పోసింది. నేను విస్తరి ముందు నుంచి లేద్దామనుకున్నాను, ఆకలిగా ఉండి లేవలేదు.

వాడు వచ్చాడు. అత్తరు వాసన ముందొచ్చింది, వాడు వెనకొచ్చాడు. నేను చెక్కిన కడ్డీలు చూసి, "అన్నా, నున్నగా శానా బాగా తీసినావు," అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు తేలలేదు. మిషను చుట్టూ తిరిగి, గేరుబాక్సు తట్టి చూసి, ఉన్నట్టుండి, "వదినా, చెంబు నీళ్ళు ఇయ్యి," అన్నాడు. తాగడానికేమో అనుకున్నాను. వాడు గొంతుకూర్చుని ఆ నీళ్ళను మిషను కాళ్ళ దగ్గర బండ మీద పోశాడు.

నీళ్ళు మొదట నెమ్మదిగా, మూలకు చేరేకొద్దీ జోరుగా, ఈశాన్యానికి పారాయి.

పారవా మరి! పాకకు బండలు వేసిన బేల్దారితో దగ్గరుండి ఈశాన్యం వాలు పెట్టించింది మా అమ్మ. ఈశాన్యానికి నీళ్ళు పారకపోతే ఇంటికి అరిష్టం. గొడ్ల పాకయినా, గుడి అయినా మా వాళ్ళు కట్టేది అట్లాగే. ఆ వాలు కూడా అంతటా ఒకేలా లేదు, మూలన బాగా దిగింది. నా మిషనుకు ఉన్న నాలుగు కాళ్ళలో ఒకటి సరిగ్గా ఆ మూల బండ మీద ఉంది.

"స్పానరు యాడుండాది?" అని వాడే వెదుక్కుని ఆ కాలి బోల్టు వదులు చేశాడు. టక్కుమని శబ్దం. కాలు దానంతట అదే నేల విడిచి పైకి లేచింది. కింద మడిచిన తమలపాకు దూరేంత సందు. నేను గొట్టం తొడిగి బిగించినప్పుడు ఆ కాలిని బలవంతంగా నేలకు లాగాను. దాంతో మిషను ఒళ్ళంతా మెలి తిరిగింది. మెలి తిరిగిన మిషను తిన్నగా ఎలా చెక్కుతుంది?

"మిషనులో దోషం లేదన్నా, నేల వాలులో ఉండాది. ఎవరప్పా ఇంత మొండిగా బిగించింది?" అని నవ్వాడు.

ఎవరు బిగించారో, ఎవరి రూపాయి బిళ్ళ కోసం బిగించారో వాడికేం తెలుసు! నా భార్యకు తెలుసు. ఆమె నా వైపు చూసిన చూపుకు బండల్లోకి దిగిపోదామనిపించింది.

ఇంతలో మా అమ్మ వచ్చింది. "నేల మాత్రం ముట్టుకోవద్దు నాయనా, అది ఈశాన్యం," అంది. "అయ్యో, ఈశాన్యాన్ని ఎవరు ముట్టుకుంటారు పెద్దమ్మా! కాలు కింద రేకు ముక్క పెడితే సరి," అని కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి సందులో దూర్చి, బోల్టు మెత్తగా బిగించాడు. "ఎంత పద్ధతైన పిల్లోడు!" అని మా అమ్మ మెటికలు విరిచింది. మామ వాడి వైపు పోయాడు, పెళ్ళాం పోయింది, మిగిలింది అమ్మే అనుకుంటే ఆమెనూ వాడే కొట్టుకుపోయాడు.

మూడో కడ్డీ నేనే చెక్కాను. ఉలి ఎవరికీ ఇవ్వలేదు. ఈ కొసా ఆ కొసా కాలిపరు సమానంగా పట్టింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మరుసటి రోజు అందరం కోడుమూరు మీదుగా మామ ఊరికి పోయాం. చివరి సాళ్ళల్లో కొన్ని చెట్లు అప్పటికే ఎండి కట్టెలయ్యాయి. మిగిలినవి ప్రాణం బిగబట్టుకుని ఉన్నాయి. షాఫ్టు ఇట్టే కూర్చుంది. మామ ఇంజను ముందు టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఇంజను తిప్పే హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని తోడల్లుడి ముందు నిలబడ్డాడు. మా వైపు ఆ హ్యాండిలు మొదట ఎవరి చేతికిస్తే పని వాళ్ళదేనని ఊరంతా అనుకుంటుంది. ఊరు సగం అక్కడే ఉంది.

"చిన్నల్లుడా, మీరే తిప్పాల. మీ పుణ్యమే ఇది."

వాడి ముఖం వెలిగిపోయింది. చెయ్యి ముందుకు చాచాడు కూడా. ఏమైందో, టక్కున వెనక్కి తీసుకున్నాడు. "లేదు మామా. మిషను అన్నది, షాఫ్టు తీసింది అన్న. అన్నతోనే తిప్పించు," అన్నాడు.

తిప్పాను. ఇంజను దబదబమంది, గొట్టం దగ్గి, మట్టినీళ్ళు కక్కి, తర్వాత తెల్లగా పోసింది. జనం ఈలలు వేశారు. "శభాష్‌రా అల్లుడా!" అని మామ నా వీపు తట్టాడు. ఆ దెబ్బ ఒక్కోటీ నాకు చెంప మీద పడినట్టే ఉంది. గొప్పలతో బతికే మనిషి, అంతమందిలో, చేతికందిన గొప్పను నాకు వదిలేశాడు! తెలివిలో నన్ను మించాడంటే ఎట్లాగో మింగుకున్నాను. మంచితనంలో కూడా మించితే మనిషన్నవాడు ఎట్లా మింగేది?

తిరుగు బస్సులో నా భార్య కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగింది.

"నీళ్ళు పారినాయి కదా బావా, ఇంకా ముఖం అట్ల పెట్టినావేమి?"

"ఆ హ్యాండిలు వాడు నాకు దానం చేసినాడు. వాని దానం నాకు అక్కరలేదు."

"వాని జాగాలో నువ్వుంటే, ఇచ్చుందువా?"

"ఇయ్యను," అన్నాను. ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంది.

"తెలుసు. ఆయప్ప కూడా ఇచ్చేవాడు కాదు. నేనే ఒట్టు వేయించుకున్నా. 'చెట్లు బతికితే సాలదు అబ్బీ, ఆ ఇంట్లో నేనూ బతకాల కదా, హ్యాండిలు మాత్రం మీ అన్నతోనే తిప్పించు' అని."